తోలు కింది పిడి

తన పనిశాలలో చేసిన కొత్త విల్లును మొదటిసారి చెవిదాకా లాగి చూసేది నాగలింగాచారే. ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. ఎప్పుడో ఒక విల్లు చేతిలోనే విరిగి ఆయన ఎడమ దవడను చీల్చింది. ఆ మచ్చ మీద ఇప్పటికీ గడ్డం మొలవదు.

ఒక పొద్దున శిష్యుడు ఓబన్న ఆయన్ని అడిగాడు: "అయ్యవారూ, విల్లంతా వేలితో తడిమి చూస్తారు. పిడిని మాత్రం తోలు చుట్టకముందు ఒక్కసారీ చూడరు. ఎందుకని?"

"నీ విల్లు పట్టుకురా," అన్నాడు ఆచారి.

ఓబన్న ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఆ విల్లు అతను సొంతంగా చేసిన మొదటిది, కొండకోట కావలి నాయకుడు తిమ్మప్ప కోసం. ఇద్దరు పట్టి వంచితే గాని దానికి నారి ఎక్కదు. "మీ విల్లు పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్టుంటుంది, వేళ్లు కలవవు. పిడి సన్నగా ఉండాలి," అని తిమ్మప్ప ముందే చెప్పాడు. అంత బిగువైన విల్లుకు పిడి దగ్గర కలప తగ్గించకూడదని ఓబన్నకు తెలుసు. అయినా చెక్కాడు. ఆఖరి చెక్కుకు వెంట్రుకంత బీట కనబడింది. బంక నింపి, నున్నగా రుద్ది, తోలు చుట్టేశాడు. ఈ విల్లు నెగ్గితే అతను పనివాడు. లేకపోతే మళ్లీ బాణాలకు ఈకలు కట్టుకోవడమే.

వాకిట్లో తిమ్మప్ప ఎదురుచూస్తున్నాడు. ఆచారి విల్లెత్తి లాగాడు. నారి గడ్డందాకా రాకముందే పిడిలో 'టిక్'మని చప్పుడైంది. ఆయన ఆగిపోయాడు. బాణం లేకుండా నారి వదిలేస్తే విల్లు ముక్కలవుతుంది. మెల్లగా దించాలి, లేదా లాగాలి. ఆయన చూపు విల్లు మీద లేదు. ఓబన్న మొహం మీద ఉంది.

"కొత్త తోలు, అలాగే అంటుంది," అన్నాడు తిమ్మప్ప నవ్వుతూ. "లాగండి ఆచారిగారూ! మీకు సత్తువ తగ్గిందనుకుంటాను."

ఆచారి అతనివైపు తిరగలేదు. "ఇంకా లాగనా?" అని ఓబన్నను అడిగాడు.

ఓబన్న తిమ్మప్ప వైపు చూశాడు. ఆచారి దించలేదు. నారి ఇంకో వేలెడు వెనక్కి వచ్చింది. అది మచ్చ పక్కకు చేరింది.

"ఇంకా లాగనా, ఓబన్నా?"

"వద్దు! వద్దయ్యా, దించండి. పిడిలో బీట ఉంది."

ఆచారి ఊపిరి బిగబట్టి నారిని కొద్దికొద్దిగా దించాడు. ఓబన్నే కత్తి తీసుకుని తోలు కోశాడు. వెంట్రుకంత బీట ఇప్పుడు పిడి సగందాకా పాకింది. తిమ్మప్ప దాన్ని చూసి తన దవడ తడుముకున్నాడు.

"నన్ను చంపేవాడివి కదరా," అని గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

ఆచారి చెమట తుడుచుకుని కూర్చున్నాడు. పక్కనున్న, కొత్త విల్లుకు దాచిన చేవ కలప దుంగను ఓబన్న ముందుకు జరిపాడు.

"పొద్దున ఏమడిగావు? నేను పిడి చూడననే కదా?" అన్నాడు. "ఇందాక అంతసేపూ నీ మొహంలో చూసింది దాన్నేరా."