కలపని కుండ

చూశారా లేదా? చూసినవాళ్లు నోరు విప్పి చెప్పండి! కోట వాకిట్లో దివాను కుండలోంచి ఒక్కొక్కటే తీసి పేర్చిన చింతగింజలు ఎలా ఉన్నాయి? ముందు సున్నం పూసినవన్నీ, వాటి వెనక జాజు పూసినవన్నీ. తెల్లవి సాలెవీధివి, ఎర్రవి దివాను వీధివి. ఇంటికో గింజ, దాని మీద ఇంటి గుర్తు. వరసలో ముందు సగంలో ఎవరి గింజ పడితే ఆ ఇంటి మగాడు కందకం తవ్వాలి.

సాలె చెన్నక్క ఇంటి గింజ ముందు సగంలోనే పడింది. మొగుడు జ్వరంతో మూలుగుతున్నాడు. తవ్వడానికి వెళితే తిరిగి రాడు.

“దైవనిర్ణయం!” అన్నాడు దివాను.

“వాటినే మళ్లీ కుండలో వెయ్యండి బాబూ. నేను కలుపుతాను, మీరే తియ్యండి,” అంది చెన్నక్క.

“పిచ్చిదానా, అవే గింజలు కదే వచ్చేది!”

“గింజలు అవే. వరస కూడా అదే వస్తుందేమో చూద్దాం.”

పక్కనే కూర్చుని చూస్తున్న రాజుకు సరదా పుట్టి సరేనన్నాడు. ఆమె అడుగుదాకా కలిపింది. తెలుపూ ఎరుపూ కలగాపులగంగా వచ్చాయి. మళ్లీ కలిపింది, మళ్లీ అంతే. పొద్దు వాలేదాకా కలిపినా ఆ మొదటి వరస ఒక్కసారీ రాలేదు.

“ఏం దేవుడు బాబూ! మీ చేతిలో వీధివారీగా బుద్ధిగా నిలబడ్డాడు, నా చేతిలో చెల్లాచెదురైపోయాడు!”

రాజు పగలబడి నవ్వాడు. “మొదటి వరస చెల్లదు. ఇంకొక్కసారి కలుపు, అదే ఖాయం.”

ఈసారి మొట్టమొదట వచ్చింది దివాను ఇంటి గింజ. చెన్నక్కది ఎక్కడో చివర పడింది.

“కుండ సరిగ్గా కలపలేదు!” అని అరిచాడు దివాను.

కుండను కలపాలన్న సంగతి ఆయనకు పొద్దున్నే ఎందుకు తట్టలేదంటారు?