దీనమ్మను పెట్టిన చోటు

"అయ్యగారూ, దేవుడు నల్లవాడని అమెరికాలో బానిసల మనవలు రాస్తున్నారు. మరి మన దగ్గర ఆయన ఏ పేటవాడు?"

అడిగింది కెజియా. వేదాంత కళాశాలలో మాది అప్పుడు మూడో సంవత్సరం. నల్లజాతి బోధకులు రాసిన పుస్తకాలు అప్పుడప్పుడే మా లైబ్రరీకి వస్తున్నాయి. కెజియా వాటిని ఒకటి తర్వాత ఒకటి తెచ్చుకుని, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివేది. పత్తి చేలలో వంగిన ఆ ఆడవాళ్ల గురించి చదువుతుంటే పొగాకు నారు పీకే తన తల్లి గురించి ఎవరో ఇంగ్లీషులో రాసినట్టుందని ఒకసారి నాతో అన్నది. ఆమె ప్రశ్న విని మా తరగతిలో ఒకతను నవ్వాడు. "దేవునికి రంగేమిటి, పేటేమిటి? ఆయన అందరివాడు. ఆయన దగ్గర తేడాల్లేవు," అన్నాడు. చాలామంది తలలూపారు. నేనూ ఊపాను.

మాకు సిద్ధాంతం చెప్పే ఎజ్రా అయ్యగారు వాదనల జోలికి వెళ్లేవారు కారు. ఎవరైనా గట్టిగా అడిగితే ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అర్థం మేమే వెతుక్కోవాలి. ఆ రోజు మాత్రం తన సొంత సంగతే ఎత్తుకున్నారు. కిటికీ దగ్గర నుంచి మావైపు తిరిగి, "దేవుని దగ్గర తేడాల్లేవని నేనూ ఒకసారి అన్నాను. ఎవరితో అన్నానో చెబుతాను, వినండి," అన్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

అప్పటికి ఆయన వయసు ఇరవై తొమ్మిది. పట్టా చేతికొచ్చి రెండేళ్లయింది. డెల్టాలో గొడుగులంక అనే ఊరికి పాస్టరుగా వేశారు. ఆ ఊరికి దక్షిణాన, కాలవ పక్కన మాదిగ పల్లె ఉంది. పల్లెవాళ్లు మూడు తరాలుగా క్రైస్తవులు. వాళ్లకో తాటాకు పాక ఉండేది. అదే బడి, అదే గుడి. ఆ పాకలో చదువుకుని, తర్వాత మిషన్ వాళ్ల దగ్గర శిక్షణ పొందిన మనిషి దీనమ్మ. అలాంటివాళ్లను బైబిలు స్త్రీలు అనేవారు. చంకలో సంచి పెట్టుకుని, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ చెప్పడం వాళ్ల పని.

ఊళ్లో పెద్ద కులంవాళ్ల ఇంట్లో వెంకాయమ్మ అనే ఆవిడ ఇరవై నాలుగేళ్లకే భర్తను పోగొట్టుకుని, ఇద్దరు కొడుకులతో చీకటి గదిలో ఒక మూలన పడి ఉండేది. శుభకార్యాల్లో ఆమె ముఖం చూసేవాళ్లు లేరు. దీనమ్మ ఒక్కతే ఆమె కోసం దొడ్డిదారిన వచ్చేది. ఇంట్లోకి రాకూడదు గనక పశువుల కొట్టంలో కూర్చునేది. వెంకాయమ్మ తనే అక్కడికి వచ్చి, పేడ వాసనలో, పలక ఒళ్లో పెట్టుకుని అక్షరాలు దిద్దింది. ఏడాది తిరిగేసరికి లూకా సువార్త తనంతట తను చదివింది. విధవరాలి కొడుకును ప్రభువు బతికించిన చోటికి వచ్చేసరికి ఆమె పలక కింద పెట్టి దీనమ్మ చేయి పట్టుకుంది. ఆ ఇంటివాళ్లు ఆ మనిషిని తాకడం అదే మొదటిసారి.

వెంకాయమ్మ బాప్తిస్మం తీసుకుని రాహేలమ్మ అయింది. కొడుకులు తల్లి వెంట వచ్చారు. తర్వాత ఊళ్లో మరో పది పన్నెండు కుటుంబాలు వచ్చాయి. మిషన్ పెద్దలు ఎంతో సంతోషించారు. పల్లెవాళ్లు మూడు తరాలు అడిగినా కట్టని రాతి గుడి ఊరి నడివీధిలో రెండేళ్లలో లేచింది. గుడిలో ముందు బల్లలు, వెనక చాపలు. బల్లల మీద ఊరు, చాపల మీద పల్లె. ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షారసమూ ఇచ్చేటప్పుడు, గిన్నె ముందు బల్లలన్నీ తిరిగి, ఆ తర్వాత చాపల దగ్గరికి వచ్చేది. కొత్తగా నమ్మినవాళ్లు బలహీనులు, వాళ్ల కోసం మీరు కొన్నాళ్లు ఓర్చుకోవాలని పల్లెకు చెప్పారు. ఓర్చుకోవడం పల్లెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఊరందరికీ వాక్యం చెప్పిన దీనమ్మ కూడా చాప మీదే కూర్చునేది. బల్లల మీద కూర్చున్నవాళ్లలో సగంమంది ఆడవాళ్లు ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాళ్లే.

ఎజ్రా అయ్యగారు కూడా వేరే జిల్లాలో ఒక పల్లెలో పుట్టినవారే. తమలాంటి పాస్టరు వచ్చాడని గొడుగులంక పల్లె ఎంతో ఆశపడింది. చాపలూ బల్లలూ చూసి ఆయనకు మొదటి ఆదివారమే మనసు మండిందట. నిదానంగా మారుద్దామనుకున్నారు. రెండేళ్లు నిదానంగానే గడిచాయి.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టి వదలని వారం దీనమ్మ చనిపోయింది. పల్లె శవాలను పూడ్చే చోటు కాలవగట్టు పల్లం. అక్కడ రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరుతాయి. సంఘానికి మరో చోటుంది. ఊరికి తూర్పున మెరక మీద, చుట్టూ ప్రహరీ ఉన్న సమాధుల తోట. బోర్డు మీద 'క్రైస్తవ సంఘము' అనే రాసి ఉంది. లోపల ఉన్నవి మాత్రం ఊరివాళ్ల సమాధులే. పల్లెవాళ్లు అంతవరకూ అడగలేదు.

దీనమ్మ కూతురు లూదియ అడిగింది. మిరప కోతలకు పోయి బతికే మనిషి. ముప్పయ్యేళ్లుంటాయి. తడిసిన కొంగుతోనే పాస్టరుగారి వాకిట్లో నిలబడి, "అయ్యగారూ, గట్టు మీద ఎక్కడ తవ్వినా నీళ్లే. అమ్మను తోటలో పెట్టనివ్వండి," అన్నది.

ఆయన రాహేలమ్మ పెద్దకొడుకు కోటేశ్వరరావు దగ్గరికి వెళ్లారు. సంఘానికి పెద్ద అతనే. తోటకు స్థలం ఇచ్చింది కూడా అతనే. అతను పాస్టరుగారికి కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, దీనమ్మ కోసం నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. ఆమె కళ్లముందే పెరిగిన మనిషి అతను. "నాకేం పట్టింపు లేదండీ పాస్టరుగారూ. చుట్టాలున్నారు. పెళ్లికి ఎదిగిన పిల్లలున్నారు. రేపు నలుగురూ ఏమంటారో మీకు తెలియంది కాదు," అన్నాడు. లోపల గదిలో జబ్బుతో పడుకున్న తల్లికి ఈ కబురు తెలియనివ్వవద్దని కూడా కోరాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. తోట గోడకు ఆనుకుని, బయటివైపు పెట్టుకోవచ్చు. అక్కడ నేల కాలవ వైపు జారుగా ఉంటుంది. అయినా గట్టు కంటే నయం.

పాస్టరుగారు తిరిగి వచ్చి లూదియకు ఆ మాట చెప్పారు. చెప్పి, ఆమె ముఖం చూడలేక, ఓదార్పుగా మరో మాట కలిపారు. "దేహం మన్నే కదమ్మా. లోపల పెట్టినా, బయట పెట్టినా దేవుని దగ్గర తేడా లేదు."

లూదియ ఆయన వైపు సూటిగా చూసింది.

"తేడా లేకపోతే లోపలే పెట్టండయ్యా."

అక్కడిదాకా చెప్పి ఎజ్రా అయ్యగారు మా తరగతిలో తలూపినవాళ్లందరినీ ఒకసారి చూశారు. తర్వాత మళ్లీ కొనసాగించారు.

దీనమ్మను గోడ బయటే పెట్టారు. వాన ఆగలేదు. లూదియా మరో ఇద్దరు ఆడవాళ్లూ గుంటలోకి దిగి సత్తు గిన్నెలతో నీళ్లు తోడారు. తోడినకొద్దీ ఊరింది. శవపెట్టె దించితే తేలింది. మట్టి బరువు పడేదాకా దీనమ్మ తమ్ముళ్లిద్దరూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆ పెట్టెను కాళ్లతో తొక్కి పట్టుకోవలసి వచ్చింది. అక్కను తొక్కుతున్నామని వాళ్లు ఏడుస్తుంటే పాస్టరుగారు గొడుగు కింద నిలబడి పునరుత్థాన వాక్యం చదివారు. గోడకు అవతల మెరక నేల నీళ్లు నిలవకుండా గట్టిగా ఉంది.

రాహేలమ్మకు ఈ సంగతి ఇరవై రోజుల తర్వాత తెలిసింది. పాలు పోయడానికి వచ్చినావిడ నోరు జారింది. ముసలావిడ మంచం మీద లేచి కూర్చుని, అన్నం మానేసి, తనను అక్కడికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. మట్టి కుంగి గుంటపడిన ఆ చోటును ఆవిడ చాలాసేపు చూసింది. తరువాతి ఆదివారం గుడికి వచ్చింది. ప్రభువు తమకు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యాలు చెప్పే వేళ కొడుకు భుజం పట్టుకుని లేచి నిలబడింది.

"నాకు అక్షరం చెప్పింది దీనమ్మ. ప్రభువును చూపించింది దీనమ్మ. నా ఇంట్లో ఆమెను పశువుల కొట్టం దాటి రానివ్వలేదు. చచ్చాక గోడ దాటి రానివ్వలేదు. నేను పోయాక నన్ను ఆమె పక్కన పెట్టాలి. మా వాడు మీ అందరి ముందూ మాట ఇస్తాడు," అన్నది. అంతమంది ఎదుట కోటేశ్వరరావు ఇవ్వక తప్పలేదు.

ఫాల్గుణంలో రాహేలమ్మ పోయింది. కొడుకు మాట తప్పలేదు. గోడ బయట, దీనమ్మకు రెండడుగుల ఎడంగా ఆవిడను పెట్టారు. ఊరూ పల్లే మొదటిసారి ఒకే గోతి చుట్టూ నిలబడ్డాయి. లూదియ దోసెడు మట్టి వేసి ఏడ్చింది. కోటేశ్వరరావు ఆమె పక్కనే నిలబడి ఏడ్చాడు. ఎజ్రా అయ్యగారికి ఒళ్లు పులకరించిందట. తన నిదానం ఇన్నాళ్లకు ఫలించిందనుకున్నారు. ఆ సాయంత్రమే బిషప్ గారికి, గొడుగులంకలో గోడ కూలిందని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. బిషప్ గారు దాన్ని సంఘ పత్రికలో అచ్చు వేయించారు.

ఆ పత్రిక ఊరికి చేరేలోపే తాపీమేస్త్రీలు వచ్చారు. తూర్పు గోడను కొంతమేర పడగొట్టి, మూడు గజాలు బయటికి జరిపి, రాహేలమ్మ సమాధిని లోపలికి కలుపుతూ కొత్తది ఎత్తారు. కొత్త గోడ రెండు సమాధుల మధ్య నుంచే పోయింది, దీనమ్మ బయటే మిగిలింది; ఆ సందు రెండడుగులే గనక అక్కడ గోడను మిగతా చోట్ల కంటే సన్నంగా కట్టవలసి వచ్చింది. పునాది తవ్వేటప్పుడు దీనమ్మ సమాధి ఒక అంచు విరిగి కాలవ వైపు జారింది. అక్కడ నిలబడ్డ పల్లెవాళ్లకు కోటేశ్వరరావు ఎంతో సౌమ్యంగా నచ్చజెప్పాడు. "అమ్మకు ఇచ్చిన మాట అలాగే ఉంది. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు గదా," అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. అదే అసలు భయంకరమైన సంగతి, అన్నారు అయ్యగారు.

లూదియ జారిన మట్టిని చేతులతో ఎగదోసి, చుట్టూ రాళ్లు పేర్చి, చేతులు కడుక్కుని పాస్టరుగారి ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది. "అయ్యగారూ, వచ్చే ఆదివారం నుంచి మేము మా పాకలోనే ప్రార్థన చేసుకుంటాం. మీకు వీలైతే రండి. వీలు కాకపోతే పర్వాలేదు, ఆయన వస్తాడు," అని చెప్పి వెళ్లిపోయింది. ఆ ఆదివారం రాతి గుడిలో చాపలు ఖాళీగా ఉన్నాయి. కాలవ వైపు నుంచి పాట వినిపిస్తుంటే, పాస్టరుగారు ముందు బల్లలకు ప్రసంగం చెప్పారు. పాకకు వెళ్లాలని ఆయన ప్రతి వారమూ అనుకున్నారు. మూడో నెలలో ఆయన ఉత్తరం చూసి ముచ్చటపడిన పెద్దలు ఆయన్ను ఈ కళాశాలకు అధ్యాపకుడిగా పిలిపించారు. లూదియ ఆ పాకలో వాక్యం చెబుతున్నదని తర్వాత ఎవరో ఆయనకు చెప్పారు. ఆమెకు ఎవరూ పట్టా ఇవ్వలేదు.

ఎజ్రా అయ్యగారు ఆగారు. అంతకుముందు నవ్విన అతను తల వంచుకుని నోటుపుస్తకం కేసి చూస్తున్నాడు. కెజియా కళ్లు ఎర్రబడ్డాయి. ఆమె లేచి, "మరి గోడ కడుతుంటే మీరు ఏం చేశారయ్యగారూ?" అని అడిగింది. గురువును అలా అడగడం మర్యాద కాదని మాలో కొందరికి అనిపించింది. ఆయనకు అలా అనిపించినట్టు లేదు.

"మొదటి రాయి వేసేటప్పుడు ప్రార్థన చేయమని పిలిచారమ్మా. వెళ్లి చేశాను," అన్నారు.

ఆయన బల్ల మీది పుస్తకాలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని, గుమ్మం దాకా వెళ్లి, కెజియా వైపు తిరిగారు.

"ఆయన ఏ పేటవాడని కదా నువ్వు అడిగావు. ఆ రోజు నాకు బాగా తెలుసు. తెలుసు గనకనే, ఆ ప్రార్థన అయ్యేదాకా దీనమ్మ సమాధి వైపు ఒక్కసారి కూడా కళ్లు తెరిచి చూడలేదు."