అరుగు మీది చదువు

వైద్యుడు సోమభట్టు ప్రతిరోజూ సూర్యోదయానికి ముందు తన అరుగుపై కూర్చొని, ఏ కాలంలో ఎలా మెలగాలో చెప్పే ఋతుచర్యను తెలుగు తాత్పర్యంతో పైకి చదివేవాడు. ఆ వీధిలో ఇప్పుడు అలా చదివేవారు లేరు.

ఆ వేళకే గానుగ పేరమ్మ ఆ ఇంటికి నూనె కొలిచి పోసేది. తరువాత ఊరంతా తిరుగుతూ, వానాకాలంలో పగలు నిద్రపోవద్దనీ, చలికాలంలో నువ్వుల నూనె పట్టించి వేన్నీళ్లు పోసుకోమనీ చెప్పేది. జనం ఆమె కోసం గుమ్మాలలో ఎదురుచూసేవారు. రోగులు తగ్గి భట్టు అరుగు బోసిపోయింది. ఆ గుమ్మాలను చూసినప్పుడల్లా ఆయనకు అన్నం సహించేది కాదు.

చివరికి రాజుతో, "చదువురానిది వైద్యం చేస్తోంది. ఊరు దాటించండి, ప్రభూ" అన్నాడు.

రాజు పేరమ్మను పిలిపించాడు.

"నేను చెప్పినదాంట్లో తప్పేదో అయ్యవారినే చెప్పమనండి" అందామె.

"అంతా తప్పే. మొదటి మాట నుంచి చివరి మాట దాకా" అన్నాడు భట్టు.

"అయితే అయ్యవారి గ్రంథమే తప్పు, ప్రభూ. నూనె పోస్తూ అరుగు కింద విన్నదే చెప్పాను. నా సొంత మాట ఒక్కటీ లేదు."

భట్టు తల వంచుకున్నాడు. "తప్పు లేదు. జనం నా దగ్గరకు రాలేదన్నదే నా బాధ."

"మీ మాటే కదయ్యా వాళ్ల గుమ్మాల దాకా వెళ్లింది" అంది పేరమ్మ.

పేరమ్మ ఊరు విడవలేదు. రెండు చలికాలాలు గడిచాయి. భట్టు చివరిసారి చదివిన ఉదయం, ఆమె నూనె పోస్తూ, "ఇప్పుడు చదివిన మాట ఇంకొకసారి చదవండి, అయ్యా" అంది. ఆయన ఆమెకు వినబడేలా ఇంకొకసారి చదివాడు.