కింద ఏసిన అక్షరాలు

లేదు బిడ్డా, తిట్టలేదు. టీవీ ఆటల ఆ బయటి దేశం పోరడు మా వస్తాద్‌ను ఒక్క మాట అనలేదు. నా ముందటనే గుండె మీద చెయ్యి పెట్టుకొని వంగిండు. ఏమన్నడో నా రెండు చెవులతోటి విన్న. నువ్వు పేపర్ల ఏం రాసుకుంటవో రాసుకో, గీ ముచ్చట మాత్రం సక్కగ రాయి.

మా వస్తాద్ పోయి నిన్నటికి పదకొండు దినాలు. గుండె ఆగి పోయిండు. ఆ ఆట కాడికెల్లి ఇంటికొచ్చినంక, అరుగు మీద కూసొని, చాయ చేతుల పట్టుకొని. పక్కన నేనే ఉన్న. గిలాస చేతులకెల్లి జారినంక గని నాకు తెల్వలే.

గిప్పుడు ఆ టీవీవోళ్ళు ఏమని చూపెడుతున్నరు? ఆ పోరడు తిట్టిన తిట్టుకు మనసు పలిగి సచ్చిపోయిండట! మా కోరుట్ల చౌరస్తల ఆ పోరని ఫొటోకు చెప్పుల దండ ఏసిండ్రు. ఏసినోళ్ళల్ల ఒక్కడన్న మా కుస్తీ తాలీం మొఖం చూసినోడు ఉన్నడా? ఏడుద్దామన్నా ఏడవనిస్తలేరు బిడ్డా.

నన్ను ఓదెలు అంటరు. యాభై ఏండ్లు ఆ తాలీంల కుస్తీ పట్టే గోద మట్టి తవ్విన, పైల్వాన్లకు మాలీష్ చేసిన. సదువు రాదు. మా వస్తాద్‌కు గూడ రాదు. ఆయన పేరు కొంరెల్లి. గని పేరు పెట్టి పిలిచినోన్ని నేను చూడలే, అందరికి వస్తాదే. ఐలేష్ ఆయన ఆఖరు శిష్యుడు. డిగ్రీ సదివిండు. మా తాలీంల సదువుకున్న పైల్వాన్ వాడొక్కడే. వస్తాద్‌కు వాడంటే పానం. కరెంటు కాయితం వచ్చినా, మందుల చీటీ వచ్చినా, "ఐలేష్, జర చూడురా ఏం రాసిండ్రో" అని వానికే ఇస్తుండె.

ఆ టీవీ ఆట ఏందంటే, మన దేశం పోరగాళ్ళు ఎనమండుగురు, ఉజ్బెకు దేశమట, ఆడి పోరగాళ్ళు ఎనమండుగురు. అందరిని ముంబయి అవుతల ఒక్క బిల్డింగుల పెట్టిండ్రు. నడుమ నేల మీద ఎర్ర గీత. ఇటోడు అటు పోవద్దు, అటోడు ఇటు రావద్దు. ఇనుప జాలి పంజరంల కొట్టుకోవాలె. గుద్దొచ్చు, తన్నొచ్చు, పట్టొచ్చు, చెయ్యి ఇరవొచ్చు. ఓడినోడు తెల్లారి బ్యాగు సదురుకోవాలె. తినే కాడ కెమెరా, పండే కాడ కెమెరా.

"మా వస్తాద్ ఎంబడి ఉంటెనే వస్త" అన్నడు ఐలేష్. వాళ్ళు వస్తాద్ మీసాలు ఫొటోల చూసి ఎంటనే సై అన్నరు. నేను మాలీష్‌కు పోయిన. పోయినంక మా వస్తాద్ నెత్తికి కాషాయం రుమాల చుట్టి, మెడల ఇంత లావు పూసలు ఏసిండ్రు. డెబ్బై ఐదేండ్లల్ల ఎన్నడు ఏసినోడు గాదు.

"గిదేందిరా, నన్ను గంగిరెద్దును చేసిండ్రు" అన్నడు.

"నాలుగు దినాలు ఓర్సుకో వస్తాద్, ఐలేష్ కోసం" అన్న నేను. ఓర్సుకున్నడు.

మూడో దినం తినే కాడ, అటు పక్కకెల్లి ఒక పోరడు గీత దాక వచ్చి నిలబడ్డడు. ఒటాబెక్ అని వాని పేరు. గోధుమ రంగు గడ్డం, ఎడమ భుజానికి పట్టి. గీత దాటలే. మా వస్తాద్‌ను చూసి గుండె మీద చెయ్యి పెట్టుకొని వంగి, "ఉస్తోజ్" అన్నడు.

మా వస్తాద్ బుక్క ఆపిండు. "ఓదెలు, ఏమన్నడురా?"

"వస్తాద్ అన్నట్టున్నది."

"అన్నట్టున్నది ఏంది, వస్తాదే అన్నడు! నోరు తిరగలేదు గంతే. అరె, గంత దూరం దేశంల గూడ గా మాటే ఉన్నదా!" అని చిన్నపిలగాని తీరు నవ్విండు. చెయ్యి లేపి దీవించిండు. గంతే జరిగింది బిడ్డా. నువ్వు అడిగిన తిట్టు గదే.

రెండు దినాలైనంక మావోళ్ళందర్ని పెద్ద టీవీ ముందట కూసోపెట్టిండ్రు. ఐలేష్‌కు, ఒటాబెక్‌కు కుస్తీ అని అప్పటికే చిట్టి తీసిండ్రు. టీవీల ఒటాబెక్ వచ్చిండు. గుండె మీద చెయ్యి లేదు. వంగుడు లేదు. ఆ ముక్క కోసేసిండ్రు. ఒట్టి మూతి కనబడ్డది, "ఉస్తోజ్" అన్నడు, కింద అక్షరాలు పడ్డయి.

ఐలేష్ లేశి నిలబడ్డడు.

"ఏం రాసిండ్రురా?" అన్నడు వస్తాద్.

"ముసలి గాడిదను తోలుకొచ్చిండ్రు అని రాసిండ్రు" అన్నడు ఐలేష్. "నిన్నే అన్నడు."

"వాడు గట్ల అనలేదురా. వస్తాద్ అన్నడు. నేను విన్న."

"ఇంగ్లీషుల సాఫ్ రాసి ఉన్నది వస్తాద్. నీకు సదువు రాదు, నీకేం తెలుస్తది?"

అంత మంది ముందట అన్నడు.

నాకు ఆగలే. ఆ అక్షరాలు ఏసేటాయన దగ్గరికి పోయిన. జుట్టు ఎనుకకు రబ్బరు పెట్టుకున్నడు. నాకు వచ్చిన హిందీల, "సాబ్, ఆ పోరడు వస్తాద్ అన్నడు, మీరు గాడిద అని రాసిండ్రట, జర మార్సుండ్రి" అన్న. సిగ్గు పడతడనుకున్న బిడ్డా. నవ్విండు.

"తాతా, వస్తాద్ అన్నడని ఏస్తే ఎవడు చూస్తడు?" అన్నడు.

తెలిసే ఏసిండు! ఒక్క మాట తప్పుపోయిందంటే అర్థం ఉన్నది. మర్యాదను పట్టుకొని తిట్టు చేసుడేంది? గా పోరడు వాళ్ళ అవ్వ నేర్పిన మర్యాద చేస్తే, దాన్ని కోసి, అతికి, అంగట్ల అమ్ముకుంటరా?

ఉరికొచ్చి ఐలేష్‌కు చెప్పబోయిన. వస్తాద్ నా చెయ్యి పట్టుకున్నడు. "నువ్వు చెప్తే నమ్ముతడా? ఊకో" అన్నడు.

ఐలేష్‌కు ఆ పొద్దు అన్నం పోలే. మావోళ్ళు జట్టు జట్టుగ వచ్చి ఎక్కిస్తున్నరు. "అరె, మా గురువునంటే నేనైతె వాన్ని లేవనియ్య" అని ఒకడు, "చెయ్యి ఇర్సి సంచిల ఏసి పంపు" అని ఒకడు. కెమెరా వీళ్ళ మొఖాల మీదనే ఉన్నది.

అప్పుడొచ్చి వస్తాద్ ముందట కూసున్నడు ఐలేష్.

"వస్తాద్, భుజం గూడు ఊడదీసే పట్టు ఒకటి ఉన్నదటగద. పన్నెండేండ్ల సంది నాకు చెప్పలే. ఇప్పుడు చెప్పు. వాని ఎడమ చెయ్యి మల్ల లేవద్దు."

వస్తాద్ వాని దిక్కు తిరిగిండు.

"చెప్తా. పొద్దుగాల కసరత్ కాడికి రా" అన్నడు.

ఆ పట్టు నాకెరుక. ఎనకట ఒక్కసారి ఏసిండు వస్తాద్, వరంగల్ల. ఆ మనిషి మల్ల నాగలి పట్టలే. అప్పటి సంది ఎవ్వనికి నేర్పలే.

తెల్లారి కసరత్ చేసే హాలుల రెండు దిక్కులోళ్ళు ఉన్నరు. నడుమ గీత. వస్తాద్ నెత్తి రుమాల తీసి, పూసలు తీసి కుర్చీ మీద పెట్టిండు.

"ఓదెలు, నూనె సీస తే."

ఇచ్చిన. సీస పట్టుకొని సక్కగ నడుసుకుంట గీత దాటిండు. ఎవడో సీటీ కొట్టిండు, "బాబా, నో, నో" అని ఉరికొచ్చిండు. వస్తాద్ మొఖం గూడ తిప్పలే. గోడకు ఒరిగి కూసున్న ఒటాబెక్ గాబరై లేశి నిలబడ్డడు. వస్తాద్ వాని రెక్క పట్టి కింద కూసోపెట్టి, తను ఎనుకకు కూసున్నడు. భుజం పట్టి మెల్లగ ఇప్పిండు. వాపు కమిలి నల్లగున్నది.

"ఐలేష్! రారా. పట్టు చెప్తా."

మావోళ్ళు ఈలలు ఏసిండ్రు. ఐలేష్ గీత కాడ ఒక్క గడియ ఆగి, దాటి వచ్చిండు.

"చెయ్యి తే."

అరచేతుల నూనె పోసిండు. వాని చెయ్యి పట్టుకొని ఒటాబెక్ భుజం మీద పెట్టిండు.

"రుద్దు."

"వస్తాద్!"

"పట్టు కావాలంటివి గద. రుద్దు."

మా తాలీంల కట్టుబాటు ఒకటున్నది బిడ్డా. పడగొట్టినోడే పడ్డోనికి మాలీష్ చెయ్యాలె. ఎంత పెద్ద పైల్వాన్ అయినా సరే. గని అది కుస్తీ అయినంక. కుస్తీకి ముందుగాల చేపిచ్చుడు నేను ఎన్నడు చూడలే.

ఐలేష్ దవడలు బిగవట్టి రుద్దిండు. మొదలు కోపంగ రుద్దిండు. ఒటాబెక్ పండ్లు కొరికిండు గని భుజం తీసుకోలే. వస్తాద్ చెయ్యి ఐలేష్ చెయ్యి మీదనే ఉన్నది. ఒత్తు ఎక్కువైతే జర లేపుతున్నడు, గంతే. పన్నెండేండ్ల అలవాటు బిడ్డా, మనిషికి కోపముంటది గని చెయ్యి ఊకుంటదా? వాని బొటనేలు తనంతట తనే నరం వెంబడి దిగవట్టింది. ఒక్క కాడ ఆగింది. మల్ల అటు పోయి, మల్ల అక్కడికే వచ్చి ఆగింది.

ఒటాబెక్ కండ్లు మూసుకున్నడు. భుజం కిందికి జారింది. ఎనుక ఉన్నదెవరో చూడకుంట, షుక్రియా చెప్పినట్టు మెల్లగ అన్నడు.

"రహ్మత్, ఉస్తోజ్."

ఐలేష్ చెయ్యి ఆగింది. నన్ను చూసిండు.

"కాకా, ఏమన్నడు?"

"మొన్న ఏమన్నడో గదే అన్నడు" అన్న నేను.

వాని మొఖం చూడలేకపోయిన బిడ్డా.

వస్తాద్ చెయ్యి తీసిండు. "ఏడ నొప్పో నీ చెయ్యికి ఎరికైందా?"

"అయింది వస్తాద్."

"ఇగ ఇరువు."

నూనె చేతులు ధోతికి తుడుసుకొని లేశి మా దిక్కు వచ్చేసిండు.

ఆ దినమే కుస్తీ. రెండో రౌండుల ఆ ఎడమ చెయ్యి ఐలేష్‌కు దొరికింది. మస్తు సక్కగ దొరికింది. వస్తాద్ చెప్పకున్నా పట్టు వానికి తెలిసిపోయింది, ఎందుకంటే చెయ్యికి ఏడ పట్టాలో ఎరికైంది. మావోళ్ళు "ఇరువు, ఇరువు" అని జాలి ఊపుతున్నరు. మైకు పట్టుకున్నోడు గొంతు చించుకుంటున్నడు. ఒటాబెక్ కిందనే ఉన్నడు, కదుల్తలేడు. వస్తాద్ నా పక్కన కూసొని తన మోకాళ్ళ దిక్కు చూసుకుంటున్నడు, పంజరం దిక్కు చూడలే.

ఐలేష్ ఇడిసిపెట్టిండు.

ఇడిసి లేశి నిలబడి, "లెవ్" అన్నట్టు చెయ్యితోటి చూపిచ్చిండు. మిగిలింది గుద్దులాట. గుద్దులాటల ఆ పోరడు మా వానికన్న ఎక్కువ. పాయింట్ల మీద ఐలేష్ ఓడిండు. మావోళ్ళు ఉమ్మేసిండ్రు. అవును, మావోళ్ళే, ఎనమండుగురిల మా సొంతోళ్ళే, వాడు దిగొస్తుంటె ముందట ఉమ్మేసిండ్రు.

వస్తాద్ తువ్వాల ఇచ్చిండు.

బట్టలు మార్సుకునే కాడికి ఆ రబ్బరు జుట్టాయన ఒక కాయితం పట్టుకొని వచ్చిండు. మస్తు ప్రేమగ ఐలేష్ భుజం మీద చెయ్యి ఏసిండు.

"నువ్వు పోవద్దు. నీకు ఇంకో ఛాన్స్ ఇస్తం. ఫైనల్ దాక ఉంటవు. గీ నాలుగు మాటలు కెమెరా ముందట చదువు, చాలు" అన్నడు.

ఐలేష్ కాయితం తీసుకొని సదివిండు. నేను పక్కకెల్లి, "ఏమున్నదిరా?" అన్న.

వాడు మెల్లగ తెలుగుల చెప్పిండు. "ఆ ఒటాబెక్ మా గురువును ముసలి గాడిద అన్నడు. ముసలి మనిషితోటి భుజాలు పిసికిచ్చుకున్నడు. ఆ అవమానానికి పగ తీర్సుకునేదాక నేను ఇంటికి పోను. గిట్ల ఉన్నది కాకా."

"పొద్దుగాల ఎనిమిదికి కెమెరా పెడుతం" అన్నడు ఆయన. "కండ్లల్ల నీళ్ళొస్తే ఇంకా మంచిది."

నాకు వాన్ని కొడుదామన్నంత కోపం వచ్చింది. వస్తాద్ దిక్కు చూసిన. వస్తాద్ గోడకు ఆనుకొని కండ్లు మూసుకొని ఉన్నడు. అన్నీ వింటున్నడు. నాకెరుక, నిద్రల ఉంటే ఆయన మీసాలు గట్ల ఉండయి.

ఐలేష్ ఆయన ముందట మోకాళ్ళ మీద కూసున్నడు. కాయితం చేతులనే ఉన్నది.

"వస్తాద్."

వస్తాద్ కండ్లు తెరవలే.

ఐలేష్ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, బల్ల మీద వస్తాద్ రుమాల కింద పెట్టిండు. వస్తాద్ రెండు పాదాలకు నెత్తి ఆనిచ్చిండు. వస్తాద్ చెయ్యి వాని నెత్తి మీదికి పోయింది, అది నేను చూసిన.

పొద్దుగాల ఎనిమిదికి లైట్లు, కెమెరాలు మోసుకొని వచ్చిండ్రు. ఐలేష్ లేడు, వాని బ్యాగు లేదు. రుమాల కింద కాయితం గట్లనే ఉన్నది.