ఎడమ కన్ను

చెప్పండి, మీరైతే ఏం చూసేవారు? కర్ర కుడి కణత మీద పడింది. చర్మం చిట్లలేదు, చుక్క నెత్తురు రాలేదు. దెబ్బ తిన్న సూరప్పడు నవ్వుతూ లేచి, కర్రని కళ్ళకద్దుకుని, "పూలే పడ్డాయి గురువుగారూ" అన్నాడు.

దాలినాయుడు కర్రసాము నేర్పే తాలింఖానాలో అది రివాజు. దెబ్బ తిన్నవాడు ఆ మాట అనకపోతే కొట్టినవాడికి తలవంపులట. ఎవడు పెట్టాడో గానీ, వాడి నోరు పడిపోను! కొట్టినవాడు గంగులు. సూరప్పడు అతని చెల్లెలి మొగుడు.

గంట తిరక్కుండా సూరప్పడు గోడవార కూలబడి కక్కుకున్నాడు. తల పగిలిపోతోందని, కాసేపు పడుకుంటానని గొణిగాడు. గంగులు అతని కుడి రెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప ఎండకి చటుక్కున ముడుచుకుంది. హమ్మయ్య అనుకున్నాడు.

"కన్ను సుబ్బరంగా ఉంది గురువుగారూ. ఎండ తగిలుంటుంది. పడుకోనీండి."

"ఎడం కన్ను చూశావా?"

"దెబ్బ కుడివేపైతే ఎడం కన్నుతో పనేటండి?" అన్నాడు గంగులు, విసుగు దాచుకోకుండా.

దాలినాయుడు గంగులు మెడ పట్టి కిందికి వంచి, సూరప్పడి ఎడమ రెప్ప తెరిచాడు. నల్లపాప కన్నంతా పరుచుకుని ఉంది. నడినెత్తిన సూర్యుడున్నా అది వెంట్రుకవాసి ముడుచుకోలేదు. చీకటిగదిలోంచి చూస్తున్నట్టుంది. గంగులుకి చెల్లెలి మొహం కళ్ళ ముందు మెదిలింది.

"నిలబడిపోయావేటిరా? ఆటోని పిలు! ఏడుపు తరవాత!"

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి బయటికొచ్చింది. "పుర్రె లోపల నెత్తురు చేరింది. మామూలుగా దెబ్బ తగిలిన వైపు పాపే పెద్దదవుతుంది. ఎప్పుడో ఒకరికి ఇలా అవతలి కంట కనబడుతుంది. ఆపరేషన్ చేస్తున్నాం. బతుకుతాడని ఇప్పుడే చెప్పలేను" అని గబగబా లోపలికెళ్ళిపోయింది.

వరండాలో బల్ల మీద గురుశిష్యులిద్దరే మిగిలారు. గంగులు గురువు వేపు తిరిగాడు.

"మీకెలా తెలిసింది గురువుగారూ?"

దాలినాయుడు తలుపు మీంచి చూపు తిప్పలేదు.

"మా తమ్ముడు పెంటయ్య కూడా పూలే పడ్డాయన్నాడు. కొట్టింది నేనే. నీలాగే ఒక్క కన్ను చూసి, పడుకోరా అని దుప్పటి కప్పాను. రెండో కన్ను చూసేసరికి ఆలస్యమైపోయింది, వాడు మరి లేవలేదు. ముప్పై ఏళ్ళుగా మీరంతా నన్ను గురువుగారూ అంటున్నారు. చెప్పు, అనొచ్చునా?"