జెలిగ్ తాత ముందు చోటు

ఊరు విడిచి వచ్చి గురువు దగ్గర చదువుకుంటున్న అజ్రియేలుకు ఒకటే దిగులు. దేవుడికి దగ్గరగా ఉండటమే నాకు మేలు అని పాడే కీర్తన ఒకటుంది కదా, దానికి యూదు పండితులు చెప్పిన అర్థాలన్నీ అతనికి కంఠతా వచ్చు. దగ్గరవడమంటే ధర్మశాస్త్రం చదవడమే అన్నారొకరు. కాదు, ఆకలిగొన్నవాడికి రొట్టె పెట్టడం అన్నారింకొకరు. ఆ భాగ్యం చచ్చాకే అన్నవాళ్లూ ఉన్నారు. గుక్క తిప్పుకోకుండా అన్నీ అప్పజెప్పగలడు. దేవుడు మాత్రం ఒక్కనాడూ దగ్గరికి వచ్చినట్టే లేదు.

చివరికి విసిగిపోయాడు పాపం. మంచు కురుస్తున్న ఒక మధ్యాహ్నం మూట కట్టుకుని గురువు రబ్బీ నఫ్తాలి దగ్గరికి వెళ్లాడు. సాయంత్రం బండికి మా ఊరు వెళ్లిపోతాను, నాన్నతో కలిసి తోళ్ల వ్యాపారం చూసుకుంటాను, ఇక తిరిగి రాను అన్నాడు.

"వచ్చిన నాటినుంచీ వెతుకుతూనే ఉన్నాను గురువుగారూ. ఆయన నాకు దూరంగానే ఉండిపోయాడు."



గురువు వద్దనలేదు. బండి ఎలాగూ మన వాకిట్లోనే ఆగుతుంది, మాతోపాటు ప్రార్థన చేసి వెళ్లు అన్నాడు. ప్రార్థనామందిరంలోకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, గోడకు ఎదురుగా, జెలిగ్ తాతకు సరిగ్గా ముందు నిలబెట్టాడు.

ఆ చోటంటే అందరికీ హడలే. ఎవరికి వారు నిలబడి లోగొంతుకతో చేసుకునే ప్రార్థన ముగిశాక, రాజు దగ్గర సెలవు తీసుకున్నట్టు, కాస్త వెనక్కి అడుగులు వెయ్యడం వాళ్ల ఆచారం. అయితే వెనకనున్నవాడు ఇంకా ప్రార్థిస్తుంటే అతని ముందు చోటులోకి అడుగు వెయ్యకూడదు. అతను ముగించేదాకా కదలకుండా నిలబడాల్సిందే. జెలిగ్ తాతదా, నత్తనడక. పళ్లు లేవు, జ్ఞాపకం అంతంతమాత్రం. మధ్యలో ఒక మాట మరిచిపోయాడంటే మళ్లీ మొదటికొస్తాడు.

అజ్రియేలు ముగించాడు. తాత ముగించలేదు. బయట గుర్రాల గంటలు వినిపించాయి. ముందు గోడ, వెనక తాత. దిక్కుతోచక గురువుకేసి చూస్తే ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

తాత మళ్లీ మొదటికొచ్చాడు.

కిటికీలో వెలుగు నీలంగా మారింది. గంటలు కదిలాయి, మెల్లగా దూరమయ్యాయి. అజ్రియేలుకు ఏడుపొచ్చింది. కాసేపటికి అదీ ఆగిపోయింది. చెయ్యడానికేమీ లేక వింటూ ఉండిపోయాడు. ఉల్లిపాయ వాసన వేసే వెచ్చటి ఊపిరి మెడకు తగులుతోంది. ఆ ముసలిగొంతు, పక్కనే కూర్చున్నవాళ్లతో కష్టసుఖాలు చెప్పుకుంటున్నట్టు గొణుగుతోంది. ఎదురుగా గోడ ఉందో లేదో తెలియలేదు. తను నిద్రలో ఉన్నాడో మెలకువగా ఉన్నాడో కూడా తెలియలేదు.

ఎప్పటికో తాత ముగించి, నిన్ను నిలబెట్టేశాను కదరా అంటూ భుజం తట్టి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఎప్పుడో వెళ్లారు. గురువు దీపం పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"నాయనా, ప్రార్థించేవాడి ముందు చోటులోకి అడుగు వెయ్యొద్దని ఎందుకన్నారు?"

పసిపిల్లలకైనా తెలిసిన సంగతే. అజ్రియేలు ఆలోచించకుండా చెప్పేశాడు.

"అక్కడ దేవుడు ఉంటాడు కనుక."

"మరి ఇంతసేపూ నువ్వెక్కడున్నావు?"

అజ్రియేలు తల వంచి తన కాళ్లకేసి చూసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం బండి వచ్చింది, వెళ్లింది. అతను జెలిగ్ తాత ముందు నిలబడి ఉన్నాడు.