పాలరేవు తెల్లగోడ తల్లి

పాలరేవులో బస్సు దిగి సముద్రం వైపు నడిస్తే పాత గిడ్డంగి కనిపిస్తుంది. ఒకప్పుడు ఓడలకెక్కించే పసుపు, బెల్లం నిల్వ చేసిన కట్టడమది. దాని తూర్పు గోడ గూటిలో వెలసిన అమ్మవారే తెల్లగోడ తల్లి. వేటకు వెళ్లిన పడవలు ఆ గోడ తెలుపును గుర్తుపట్టి ఒడ్డు చేరతాయి. ఇక్కడికి భక్తులు కొబ్బరికాయ తీసుకురారు, గుప్పెడు సముద్రపు గుల్లలు తెస్తారు.

పూర్వం ఇక్కడ ఎల్లాజీ అనే తాపీమేస్త్రి ఉండేవాడు. పూర్వమంటే కృతయుగం అనుకోకండి, సిమెంటు ఊళ్లోకి కొత్తగా వచ్చిన రోజులు. తల్లి అంటే అతనికి ప్రాణం. ఏటా తల్లికి కోక అంటూ గోడకు వేసిన గుల్లసున్నం వానకు కారిపోవడం చూడలేక, ఒక వేసవిలో గోడంతా సిమెంటు పూసేశాడు. ఇక నూరేళ్లు ఢోకా లేదని మీసం దువ్వాడు.

రెండు వానాకాలాలు తిరిగేసరికి, లోపలి తడి బయటికొచ్చే దారిలేక గోడ ఉబ్బింది. పెచ్చులతో పాటు ఇటుకలూ రాలాయి. ఎవరి మీదైనా కూలుతుందని భయపడి, గిడ్డంగిని పడగొట్టాలని ఊరిపెద్దలు నిర్ణయించారు. ఎల్లాజీకి ముద్ద దిగలేదు.

ఆ మధ్యాహ్నం గోడ నీడన కునుకు పట్టగా తల్లి కలలో కనిపించింది.

“ఏట్రా ఎల్లాజీ, కోక కట్టమంటే ముక్కూ నోరూ మూసేసినావు? నాకు ఊపిరాడతలేదురా!”

అతను లేచి పెద్దల దగ్గరికి పరుగెత్తి కాళ్ల మీద పడ్డాడు. “తప్పు గోడది కాదు బాబూ, నాది. అమాస దాకా ఆగండి.”

పెద్దలు సరేనన్నారు. ఇటుక చెదరకుండా ఎల్లాజీ ఉలితో సిమెంటు ఒలిచాడు. అడగకుండానే ఊరి ఆడవాళ్లు ఒడినిండా గుల్లలు ఏరి తెచ్చారు. ఆ గుల్లలు కాల్చిన సున్నంలో ఇసుక, బెల్లంనీళ్లు, కరక్కాయ రసం కలిపి అతను గోడకు పూశాడు. అమావాస్యకు గోడ ఆరి, మళ్లీ పాలలా మెరిసింది. వేట నుంచి తిరిగొస్తున్న పడవలవాళ్లు దూరాన్నే దాన్ని చూసి చేతులెత్తి మొక్కారు. పెద్దలు గునపాలు పక్కన పెట్టారు. ఎల్లాజీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

నేటికీ వానలు వెనుదిరిగాక, భక్తులు తెచ్చిన గుల్లలతోనే సున్నం కాల్చి తల్లికి కొత్త కోక కడతారు. ఆ పనిలో చేయి వేసినవారి ఇల్లు చల్లగా ఉంటుందని, కడలి మీదికెళ్లినవారు క్షేమంగా తిరిగొస్తారని నమ్మకం.

గోడ అడుగున మాత్రం అరచేయంత సిమెంటు మిగిలి ఉంది. తన తప్పు గుర్తుండాలని ఎల్లాజీయే దాన్ని ఒలవకుండా ఉంచాడట. నడివేసవిలోనూ దాని అంచులు చెమ్మగా ఉంటాయి. చుట్టుపక్కల తాపీమేస్త్రులు పాత ఇంటి మీద పని మొదలుపెట్టే ముందు వచ్చి, దానిమీద చేయి వేసి, “నీకు ఊపిరాడుతోందా తల్లీ?” అని అడిగి వెళతారు.